రెండు శవపేటికలు, ఒక మనోవేదన కేసు

కరీంనగర్ కోర్టులో ముప్పై ఏళ్ళకు పైగా ప్రాక్టీసు చేసి కిందటేడు నల్లకోటు విప్పేశాను. నా దగ్గర చివరిగా పనిచేసిన ఇద్దరు జూనియర్లూ అమ్మాయిలే. "మనోవేదనకు పరిహారం అడిగే కేసులు ఎట్లా నడపాలో రాసిపెట్టండి మేడం" అని అడిగారు. సెక్షన్లు, తీర్పులు వాళ్ళ ఫోన్లలోనే ఉన్నాయి. వాటిలో దొరకని సంగతులు రాస్తున్నాను. వీటిలో ఎక్కువ భాగం నా పొరపాట్లే.

మీరు అడగలేగా

నేను సొంతంగా వాదించిన మొదటి మనోవేదన కేసు బెల్లంపల్లి మనిషిది. పేరు రాజలింగు. బొగ్గుబావిలో పనిచేసి రిటైరైనవాడు. ఒక ప్రైవేటు ల్యాబువాళ్ళు వేరే ఎవరి రిపోర్టో ఈయన చేతిలో పెట్టి, రక్తంలో క్యాన్సర్ ఉందన్నారు. తొమ్మిది రోజుల తర్వాత హైదరాబాద్‌లో మళ్ళీ పరీక్ష చేస్తే ఏ రోగమూ లేదని తేలింది.

అప్పట్లో బెల్లంపల్లి ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. కేసు ఆదిలాబాద్ వినియోగదారుల ఫోరంలో వేశాను. ఫిర్యాదులో "తీవ్రమైన మానసిక క్షోభకు గురై" అని ఒక వాక్యం రాశాను. మా సీనియర్ ఆఫీసులో అన్ని ఫిర్యాదుల్లోనూ ఉండే వాక్యం అది. ఎత్తి ఇందులోనూ వేశాను.

విచారణ రోజున అధ్యక్షుడు కాగితం మీంచి తల ఎత్తి అడిగాడు. "ఆ తొమ్మిది రోజులు మీ క్లయింటు ఏం చేసిండమ్మా?"

"చాలా బాధపడ్డాడు సార్."

"బాధపడ్డట్టు ఇండ్ల రాసిండ్రు. ఏం జేసిండు?"

నాకు తెలియదు. పరీక్షకు కట్టిన ఫీజు, కేసు ఖర్చులు మాత్రం ఇప్పించారు. బయట వరండాలో టీ తాగుతూ అదే ప్రశ్న రాజలింగును నేను అడిగాను.

"ఏం జేస్త మేడం. మనుమని ఎత్తుకునుడు బందు వెట్టిన" అన్నాడాయన. "దినాం నా మీదనే పంటడు వాడు. అలవాటు తప్పియ్యాలె గద. ఏడ్సుకుంట వచ్చినా అటు మల్లి పన్న."

"ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేగా."

సాయంత్రం కరీంనగర్ చేరాక సీనియర్ గారికి చెప్పాను. ఆయన కోప్పడలేదు. "ఏడ్పుకు రశీదు ఉండదమ్మా. మనిషి ఏం జేసిండో, ఏం జెయ్యలేకపోయిండో అడుగు. గదే సాక్ష్యం" అన్నాడు. ఆ 'మానసిక క్షోభ' వాక్యాన్ని మళ్ళీ ఏ ఫిర్యాదులోనూ వాడలేదు. అడగడం నేర్చుకున్నాననే అనుకున్నాను.

రజిత

చాలా ఏళ్ళ తర్వాత రజిత వచ్చింది. మంథని దగ్గరి పల్లె. అంగన్‌వాడీలో ఆయా. భర్త మల్లేశం గల్ఫ్‌లో మేస్త్రీ పని చేసేవాడు. మూడేళ్ళుగా ఇంటికి రాలేదు. ఒకరోజు పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు.

ఇరవై రోజులకు శవపేటిక హైదరాబాద్ విమానాశ్రయానికి వచ్చింది. అప్పజెప్పిన విమాన సంస్థ సరుకు విభాగం మనిషి, మందులు కొట్టి ఉన్నాయనీ, మూట విప్పితే రోగాలొస్తాయనీ చెప్పి పంపాడు. ఊళ్ళో పేటిక తెరిచారు కానీ లోపల శవాన్ని తల నుంచి పిక్కల దాకా ప్లాస్టిక్‌తో చుట్టి ఉంది. ముఖం చూస్తానని రజిత అడిగింది. ఆమె బావ, అంటే మల్లేశం అన్న, వద్దన్నాడు. మూట మీదే నీళ్ళు పోశారు. పాదాలు మాత్రం బయటికి ఉంటే రజిత కడిగింది. దహనం చేశారు. మూడొద్దులనాడు బూడిదను మంథనికి తీసుకెళ్ళి గోదావరిలో కలిపి ఇంటికొచ్చారు.

ఆ సాయంత్రమే ఫోన్ వచ్చింది. గల్ఫ్‌లో ఒకే విమానాశ్రయం నుంచి ఒకే రోజు రెండు పేటికలు బయలుదేరాయి. వాటి మీద అంటించిన చీటీలు తారుమారయ్యాయి. మల్లేశం శవం బీహార్‌లో ఒక ముస్లిం కుటుంబానికి చేరింది. వాళ్ళు తెరిచి చూసి, తమ కొడుకు కాడని పోలీసులకు చెప్పారు. వీళ్ళు కాల్చింది వాళ్ళ కొడుకు ఇంతియాజ్‌ను.

వారం తర్వాత మల్లేశం ఊరికి వచ్చాడు. రెండోసారి అంతా మొదటి నుంచి చేశారు.

"ఒక్క మొగనికి రెండుసార్లు గాజులు వలగ్గొట్టిండ్రు మేడం" అంది రజిత నా ఆఫీసులో కూర్చుని. "రెండోసారి గాజులు లేకుండె. అమ్మలక్కలు తొడిగిచ్చి మల్ల వలగ్గొట్టిండ్రు. అట్ల జెయ్యాల్నట."

ఈసారి నేను పెన్ను తీసి ప్రతి మాటా రాసుకున్నాను.

ఎక్కడ వేయాలి

కొత్తవాళ్ళకు అర్థం కావలసింది ఇక్కడే ఉంది. ఒకే బాధకు ఒక్కో చోట ఒక్కో చట్టం.

తప్పు జరిగింది గల్ఫ్‌లో. అక్కడి చట్టం కూడా మనసుకు జరిగిన హానిని గుర్తిస్తుంది. కానీ అక్కడ వకీలును పెట్టుకోవాలి, రాయబార కార్యాలయంలో ముద్రలు వేయించాలి, కాగితాలన్నీ అరబ్బీలోకి మార్పించాలి. అంగన్‌వాడీ ఆయాకు అది చంద్రమండలం. ఇంగ్లండులో అయితే ఒట్టి దుఃఖం సరిపోదు, వైద్యుడు పేరు పెట్టగలిగే మానసిక రోగం ఉండాలంటారు. అమెరికాలో చాలా చోట్ల శవం విషయంలో మాత్రం మినహాయింపు ఉంది. శవాన్ని నిర్లక్ష్యంగా తారుమారు చేస్తే, అయినవాళ్ళ దుఃఖం ఒక్కటే దావాకు చాలు. ఇక విమాన రవాణాకు దేశాలన్నీ కలిసి ఒప్పుకున్న చట్టం ఒకటి ఉంది. అందులో సరుకు పోతే పరిహారం బరువును బట్టి కడతారు. శవం వచ్చేది సరుకు కిందే.

మన దగ్గర వినియోగదారు తను ఉండే చోటే ఫిర్యాదు చేయవచ్చు. విమాన సంస్థ మీద కరీంనగర్ వినియోగదారుల కమిషన్‌లో వేశాను.

మొదటి వాయిదాకే వాళ్ళ వకీలు హైదరాబాద్ నుంచి వచ్చాడు. చిన్నవాడు, మర్యాదస్తుడు. బరువు వాదన ఇంగ్లీషులో చక్కగా వినిపించాడు. రజిత నా కొంగు పట్టి లాగింది.

"ఏమంటుండు మేడం?"

"కిలోల లెక్కన ఇస్తారంట."

"ఎన్ని కిలోలు రాసిండ్రు?"

రవాణా రశీదు చూసి చెప్పాను. తొంభై రెండు.

"ఆయన అంత లేకుండె" అంది. పేటికతో కలిపి తూచారని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

నేను తెప్పించిన కాగితం

ఇప్పుడు నా తప్పు. కేసు పై కమిషన్‌కు రేపు అప్పీలుకు పోతే, దుఃఖం ఒక్కటే చాలదని ఎవరైనా అంటారేమోనని భయపడ్డాను. డాక్టరు సర్టిఫికెట్ చేతిలో ఉంటే మంచిదనుకుని రజితను కరీంనగర్‌లో ఒక మానసిక వైద్యుడి దగ్గరికి పంపాను. ఆయన మంచివాడే. నిద్ర లేదు, తిండి లేదు, కుంగుబాటు ఉందని రాసి మాత్రలు ఇచ్చాడు. ఆ కాగితాన్ని రికార్డులో పెట్టి నిశ్చింతగా ఉన్నాను.

నెల తిరక్కుండా రజిత వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"మేడం, కేసు వాపస్ తీస్కోండ్రి."

"ఏమైంది?"

"ఊళ్ళె పిచ్చి మాత్రలు మింగుతుందంటుండ్రు. పోరగాండ్లను అంగన్‌వాడీకి తోలుతలేరు. సూపర్‌వైజర్ మేడం వచ్చి, కొన్ని రోజులు ఇంటికాడ ఉండమన్నది. నాకు పిచ్చి లేచిందా మేడం? నేను ఏడ్సిన. గంతే గద."

పక్క ఊరి మనిషొకడు ఆమెను ఆస్పత్రి వరండాలో చూశాడట. కబురు అట్లా పాకింది.

ఇన్నేళ్ళు మనసును నొప్పించినవాళ్ళ మీద కేసులు వేసినదాన్ని, నేనే ఆ పని చేశాను. మందు అవసరమై పంపి ఉంటే అది వేరు. నాకు కాగితం అవసరమై పంపాను. అక్కడికి పోతే ఊళ్ళో ఏమంటారో ఒక్క మాట అడగలేదు. రాజలింగు దగ్గర నేర్చుకున్నాననుకున్నది ఏమీ నేర్చుకోలేదన్నమాట.

మరునాడే ఆ ఊరికి పోయాను. తల్లులను అంగన్‌వాడీ బడి ముందు కూర్చోబెట్టి, ఆ కాగితం నేను కోర్టు కోసం తెప్పించిందనీ, తప్పు నాదనీ చెప్పాను. వాళ్ళలో ఒక పెద్దామె, "మరి మాత్రలెందుకు మింగుతుంది?" అంది.

రజితే జవాబు చెప్పింది. "నిద్ర పడ్తలేదు పెద్దవ్వా. నీకు బీపీ గోలీలెట్లనో నాకు గియ్యి గట్ల."

ఆ పెద్దామె మనవరాలు మరుసటి రోజు బడికి వచ్చింది. మిగతావాళ్ళు మెల్లగా పంపారు. సూపర్‌వైజర్ రజితను మళ్ళీ పనిలోకి రానిచ్చింది. సర్టిఫికెట్‌ను నేను రికార్డు నుంచి వాపస్ తీసుకున్నాను. కేసు మాత్రం ఆమె వాపస్ తీసుకోలేదు.

బీహార్ నుంచి నోటీసు

ఇంతలో ఒక రిజిస్టర్డ్ కవరు వచ్చింది. బీహార్‌లో ఇంతియాజ్ తండ్రి యూనుస్ తరఫున వకీలు రజితకు పంపిన నోటీసు. ముఖం కూడా చూడకుండా మా క్లయింటు కొడుకును కాల్చారు, మా మతం ప్రకారం అది కోలుకోలేని మానసిక హాని, దానికి మీరు బాధ్యులు అని అందులో ఉంది. మేము విమాన సంస్థ మీద రాసిన మాటలే ఇంచుమించు మా మీదికి వచ్చాయి.

నేను జవాబు రాసిపెట్టుకున్నాను. ఏ ఆరోపణనూ ఒప్పుకోవడం లేదు అని మొదలయ్యే మామూలు జవాబు. చదివి తెలుగులో చెప్పాను.

"లేదనకుండ్రి మేడం" అంది రజిత. "కాల్చింది నిజమే గద. ఆయనతోని ఒక్కసారి మాట్లాడిపియ్యుండ్రి."

"వద్దు. నువ్వు ఒక్క మాట జారితే అది ఒప్పుకున్నట్టే. రెండు కేసులూ పోతాయి."

వకీలుగా నేను చెప్పింది సరైన సలహానే. ఆమె వినలేదు. గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన పక్కింటాయనకు హిందీ వచ్చు. నోటీసు మీద ఉన్న చిరునామాను బట్టి ఆ ఊరి మనుషులను గల్ఫ్‌లో ఉన్నవాళ్ళ ద్వారా వెతికి పట్టుకుని, యూనుస్‌తో ఫోన్‌లో మాట్లాడించాడు. పది రోజులకు ఆ పెద్దమనిషి పెద్దపల్లిలో రైలు దిగి, మంథని బస్సెక్కి వచ్చాడు. అప్పుడు గానీ రజిత నాకు చెప్పలేదు. కోపంగానే కారెక్కాను.

నేను చేరేసరికి వాళ్ళు గోదావరి ఒడ్డున ఉన్నారు. యూనుస్‌కు అరవై దాటి ఉంటాయి. చెప్పులు విడిచి మెట్ల మీద నిలబడి, నీళ్ళ వైపు చూస్తూ చేతులు చాపి చాలాసేపు ప్రార్థన చేశాడు. రజిత దూరంగా నిలబడింది. ప్రార్థన అయిపోయాక ఆయన నన్ను చూసి, ఈమెను ఒక మాట అడగాలి, మీరు తెలుగులో చెప్పండి అని హిందీలో అన్నాడు. రజితకు నోటీసు పంపిన మనిషి ప్రశ్నను నేనే తర్జుమా చేయవలసి వచ్చింది.

"నా కొడుకుకు ఎవరైనా స్నానం చేయించారా?"

రజిత నేల చూపులు చూస్తూ చెప్పింది. "మూట మీదనే నీళ్ళు వోసినం. కాళ్ళు మాత్రం నేనే కడిగిన. వేన్నీళ్ళతోని." నా వైపు తిరిగి, "బొటనేలికి గోరు ఉండె మేడం. మా ఆయనకు లేదు, చిన్నప్పుడు నాగలి తగిలి పోయింది. నేను చూసిన. చూసి గూడ అనలే. గది గూడ చెప్పుండ్రి" అంది.

ఆ మాట ఆమె నాకెప్పుడూ చెప్పలేదు. చెప్పకుండా దాటేయవచ్చు కదా అని ఒక్క క్షణం అనిపించింది. ఆయనకు తెలుగు రాదు. ఆమెకు హిందీ రాదు. కానీ ఆమె నా ముఖంలోకే చూస్తోంది. ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. తల పట్టుకుని కూర్చున్నాడు.

చివరికి, "పాదాలు కడిగింది కదా" అన్నాడు. "ఎవరూ ముట్టకుండా పోయాడని వాడి తల్లి ఏడుస్తోంది. ఆమెకు ఈ మాట చెబుతాను."

తర్వాత ఇంకో సంగతి చెప్పాడు. మల్లేశం శవం వాళ్ళ ఊరి ఆస్పత్రిలో ఉన్న వారం రోజులూ ఆయన రోజూ పోయి గది బయట కూర్చున్నాడట. అయినవాళ్ళు రాని శవాన్ని ఒంటరిగా ఎట్లా వదులుతాం అన్నాడు. ఇదీ రజితకు తెలుగులో చెప్పాను.

మరి నోటీసు ఎందుకు పంపారని అడిగాను.

"వకీలు పంపాలన్నాడు. వేలిముద్ర వేశాను" అన్నాడు.

మా వృత్తి గురించి అంతకంటే కచ్చితమైన విమర్శ నేను వినలేదు.

గోరు

యూనుస్ సాబ్ నోటీసు వాపస్ తీసుకున్నాడు. ఆయన దగ్గరున్న చీటీలు, పోలీసు కాగితాలు మా కేసులో సాక్ష్యంగా ఇచ్చాడు. దాంతో చీటీలు మారలేదని వాదించే దారి విమాన సంస్థకు మూసుకుపోయింది. వాళ్ళకు ఒక్క దారి మిగిలింది. తప్పులో కొంత రజితదే అనడం.

వినియోగదారుల కమిషన్‌లో సాధారణంగా ప్రమాణపత్రాల మీదే విచారణ సాగుతుంది. వాళ్ళు పట్టుబట్టి ఆమెను ప్రశ్నించడానికి అనుమతి తెచ్చుకున్నారు. ముందురోజు రజితను పిలిపించాను. గోరు సంగతి నువ్వుగా ఎత్తొద్దు, అడిగితే మాత్రం అబద్ధం చెప్పొద్దు అన్నాను. అంతకు మించి ఒక వకీలు చెప్పకూడదు.

మర్యాదస్తుడైన ఆ వకీలు మొదటే అడిగాడు. "శవాన్ని చూసినప్పుడు మీకేమైనా అనుమానం వచ్చిందా?"

"వచ్చింది సార్" అంది రజిత. గోరు సంగతి చెప్పింది.

ఆయన ఒక్క అడుగు ముందుకేశాడు. "గోరు కనబడ్డా ఎందుకు ఊరుకున్నారు? అప్పుడు మీరు ఆపి ఉంటే ఇదంతా జరిగేదే కాదు కదా."

"మూడేండ్లాయె సార్ ఆయనను చూడక" అంది ఆమె. "మొలిచిందేమో అనుకున్న."

ఆ వకీలు కాగితాలు తిరగేశాడు. ఏదో అడగబోయి, ఇంకేమీ లేదని కూర్చున్నాడు. ఆయన మీద నాకు గౌరవం ఆ రోజు నుంచే.

తీర్పు మాకు అనుకూలంగా వచ్చింది. ఆ అంతర్జాతీయ చట్టం సరుకు పోయినప్పుడు, పాడైనప్పుడు, ఆలస్యమైనప్పుడు వర్తిస్తుందనీ, వేరే మనిషి శవాన్ని అప్పజెప్పి విప్పొద్దని భయపెట్టడం దాని కిందికి రాదనీ కమిషన్ అంది. భర్త పోయిన దుఃఖం వేరు, ఆ దుఃఖాన్ని రెండుసార్లు పడేట్టు చేయడం వేరు, రెండోదానికి సంస్థదే బాధ్యత అని రాసింది. విప్పొద్దని చెప్పి పంపినవాళ్ళు విప్పలేదని ఆమెను తప్పుపట్టలేరని కూడా రాసింది. యూనుస్ సాబ్ తర్వాత వాళ్ళ జిల్లాలో విడిగా కేసు వేసుకున్నాడు. మా రికార్డు నకళ్ళు పంపాను. అక్కడ వచ్చిన పరిహారం మాకు వచ్చినదాంట్లో సగం కూడా లేదు. తప్పు ఒకటే, విమానాశ్రయం ఒకటే. జిల్లా మారితే దుఃఖం ధర మారింది. దీనికి సమర్థన చెప్పమంటే నా దగ్గర లేదు.

మా తీర్పు మీద విమాన సంస్థ హైదరాబాద్‌లో అప్పీలుకు పోయింది. విచారణకు ముందే రాజీ కాగితం పంపింది. కమిషన్ వేసినదానికంటే ఎక్కువే ఇస్తామంది. రెండు షరతులు పెట్టింది. ఈ సంగతి ఎవరితోనూ మాట్లాడకూడదు, రెండో కుటుంబంతో ఏ రకమైన సంబంధమూ ఉండకూడదు. రెండు కుటుంబాలూ కలిసి ఇంకేమైనా దావా వేస్తాయేమోనని సంస్థ భయం.

సంతకం పెట్టమనే చెప్పాను. అప్పీలు ఏళ్ళ తరబడి సాగవచ్చు, ఓడిపోనూవచ్చు. రజిత షరతులు రెండుసార్లు చదివించుకుంది.

"అంటే ఆయనకు ఫోన్ చెయ్యద్దా?"

"చెయ్యొద్దు. వస్తే ఎత్తొద్దు."

"రంజాన్ పండుగకు చేస్తడు మేడం. వాళ్ళింటామె గూడ మాట్లాడ్తది. నాకు సమజ్ గాదు, ఆమెకు సమజ్ గాదు, గని మాట్లాడుకుంటం." కాగితాన్ని నా వైపు నెట్టింది. "ఎత్తకుంటె ఏమనుకుంటరు?"

సంతకం లేకుండానే దాన్ని హైదరాబాద్‌కు వాపస్ పంపాను.